మేట్రన్ గారి రెండు సీసాలు

ఆవిడ ఎవరినీ నమ్మేవారు కాదు. పాలవాణ్ణి, గ్యాస్ బండ తెచ్చేవాణ్ణి, మా జి.ఎం. గారిని, నన్ను, ఆఖరికి మూత తీయని నీళ్ళ సీసాని కూడా.

మొన్న శుక్రవారం పాత స్నేహితుడొకడు భీమవరం నుంచి ఫోన్ చేసి, "మన మేట్రన్ గారు పోయారంట్రా. ఉదయం ప్రార్థన చేసుకుని కుర్చీలోనే ఒరిగిపోయారంట" అన్నాడు. ఫోన్ పెట్టేశాక బాధ వెంటనే రాలేదు. నీళ్ళ గ్లాసుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురుకి ఎత్తి, ఒక కన్ను మూసి చూస్తున్న మనిషి కళ్ళ ముందు నిలబడింది. ఆ తర్వాత బాధ వచ్చింది.

అప్పట్లో నేను భీమవరం దగ్గర రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీలో, క్వాలిటీ ల్యాబులో పని చేసేవాణ్ణి. సరుకు కొనేవాళ్ళు, తనిఖీకి వచ్చేవాళ్ళు అన్ని దేశాల నుంచీ వచ్చి దిగుతుండేవారు. వాళ్ళ కోసం కాలవ గట్టు మీద కంపెనీ గెస్ట్‌హౌస్ ఒకటి ఉండేది. అక్కడి వంటగది ఆవిడది. అంతకు ముందు ఏదో మిషన్ ఆసుపత్రి నర్సుల హాస్టల్లో మేట్రన్‌గా చేశారట. అసలు పేరు ఎవరూ వాడేవారు కాదు. జి.ఎం. గారి దగ్గర్నుంచి తోటమాలి వరకూ అందరికీ మేట్రన్ గారే.

సన్న అంచు తెల్ల చీర. గడియారం ముఖం మణికట్టు లోపలి వైపు ఉండేలా పెట్టుకునేవారు, నర్సుల అలవాటు. నీళ్ళు మరగడం మొదలుపెట్టాక ఆ గడియారం చూస్తూ పది నిమిషాలు పొయ్యి దగ్గరే నిలబడేవారు. ఎవరైనా పలకరిస్తే జవాబు ఉండేది కాదు. పది నిమిషాలు అయ్యాకే మనవైపు తిరిగి, "ఇప్పుడు చెప్పు" అనేవారు.

మొదటిసారి నన్ను పరిచయం చేసినప్పుడు ఆవిడ అన్న మొదటి మాట, "ల్యాబులో చేస్తావా? అయితే చేతులు చూపించు." చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, గోళ్ళు బాగానే ఉన్నాయన్నట్టు తలూపి, అయినా వెళ్ళి కడుక్కు రమ్మన్నారు.

పొగిడితే మరీ ప్రమాదం. "ఈ రోజు చేపల పులుసు బాగుందండీ" అన్నానొకసారి. గరిటె పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

"అంటే? నిన్నటిది బాగోలేదా?"

"అది కూడా బాగుందండి."

"మరి నిన్న చెప్పలేదే?"

ప్రతి పూటా వండినదాంట్లోంచి, బల్ల మీద పెట్టినదాంట్లోంచి ఒక్కో గరిటెడు తీసి, చిన్న సీసాల్లో పోసి ఫ్రిజ్‌లో ఒక మూల రెండు రోజులు దాచేవారు. హాస్టల్లో నేర్చుకున్న పద్ధతట. ఎందుకండీ అంటే, "రేపు ఎవరికైనా కడుపునొప్పి వస్తే నన్ను అంటారు. అప్పుడు నా మాట ఎవడు వింటాడు? సీసా మాట వింటారు" అనేవారు. నీళ్ళ గురించి ఆవిడ మాట ఇంకొకటుంది. "మనుషులకి కనీసం మొహం ఉంటుంది బాబూ, చూసి పోల్చుకోవచ్చు. నీళ్ళకి అదీ లేదు. పైకి ఎంతో అమాయకంగా ఉంటాయి."

ఒక మే నెలలో ఇద్దరు అతిథులు ఒకే వారం వచ్చారు. ఒకాయన చైనా నుంచి. కంటెయినర్లలో సరుకు ఎక్కించేటప్పుడు దగ్గరుండి చూసుకోవడానికి వచ్చిన ఇన్‌స్పెక్టరు. యాభై ఏళ్ళుంటాయి, సన్నగా ఉంటాడు, మాట తక్కువ. రెండో ఆయన హాలండ్ నుంచి. యూరప్ కంపెనీ తరఫున మా ప్లాంటుని ఆడిట్ చెయ్యడానికి వచ్చాడు. గుమ్మంలో తల వంచి నడిచేంత పొడుగు, ఎవరితోనైనా ఇట్టే కలిసిపోయే మనిషి. ఇంగ్లీషు వచ్చు కదా అని వాళ్ళిద్దరి బాధ్యత జి.ఎం. గారు నా మీద పెట్టారు.

బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. చైనా ఆయన కారు దిగి లోపలికి రాగానే మేట్రన్ గారు చల్లటి మజ్జిగ తెచ్చారు. ఆయన రెండు చేతులూ అడ్డంగా ఊపి, సంచిలోంచి స్టీలు ఫ్లాస్కు తీసి చూపించి, "హాట్ వాటర్?" అన్నాడు.

"కాఫీకా, టీకా?" అని అడగమన్నారు ఆవిడ నన్ను. అడిగాను. దేనికీ కాదట. ఉత్త వేడినీళ్ళు. తాగడానికి.

ఆవిడ మరిగే నీళ్ళు తెచ్చి పోశారు. ఆయన బల్ల మీదున్న కప్పు తీసుకుని, అందులో కాస్త వేడినీళ్ళు పోసి, గుండ్రంగా తిప్పి కడిగి, ఆ నీళ్ళు పక్కనున్న గిన్నెలో పారబోశాడు. అప్పుడు మళ్ళీ పోసుకుని ఊదుకుంటూ తాగాడు.

మేట్రన్ గారి మొహం చూడాల్సింది. నన్ను వంటగదిలోకి రమ్మని సైగ చేశారు.

"చూశావా? నేను కడిగిన కప్పు మళ్ళీ కడిగాడు. నా ఎదురుగా!"

"వాళ్ళ అలవాటేమోనండి."

"అలవాటు కాదు. అనుమానం. నా మీద అనుమానం!"

ఆ మాట ఆవిడ నోట వింటుంటే నాకు నవ్వాగలేదు. దగ్గు వచ్చినట్టు నటించి బయటపడ్డాను.

ఆ రోజు నుంచీ ఆయన మీద నిఘా పెట్టారు. ఆయన పొద్దున్నే ఒక గాజు గ్లాసులో గుప్పెడు టీ ఆకులు వేసేవాడు. పాలు లేవు, పంచదార లేదు. ఆకులు అడుగున నానుతుంటే పైన వేడినీళ్ళు పోసుకుంటూ, అవే ఆకులతో సాయంత్రం దాకా లాగించేవాడు. "కషాయం అది. ఒంట్లో ఏదో జబ్బుంది. దాస్తున్నాడు" అని తేల్చారు ఆవిడ. జబ్బేమీ లేదని, ఆయన ఊళ్ళో పెద్దా చిన్నా అందరూ అంతేనని, చల్లనీళ్ళు కడుపుకి మంచిది కాదని వాళ్ళమ్మ చెప్పేదని ఆయనే ఫోన్‌లో అనువాదం చేసి నాకు చూపించాడు. తర్వాత నేను చూసిన చైనా అతిథులు కూడా చాలామంది అలాగే ఉన్నారు. కానీ అప్పటికి మాకు ఆయనే మొదలు. మే నెలలో వేడినీళ్ళు తాగే మనిషిని ఎవరు మాత్రం నమ్ముతారు?

హాలండ్ ఆయన ఇందుకు పూర్తిగా ఎదురు. వచ్చీ రాగానే ఫ్రిజ్ తలుపు తనే తీసేవాడు. గ్లాసు నిండా ఐసు వేసుకుని, సందులు ఉన్న చోట నీళ్ళు పోసుకునేవాడు. పొద్దున పెద్ద కప్పుడు కాఫీ పట్టుకుని ఇల్లంతా తిరిగి, ఏ కిటికీలోనో మర్చిపోయి, గంట తర్వాత దొరికితే చల్లారిన ఆ కాఫీనే ఇష్టంగా తాగేవాడు. రెండో రోజు వరండాలో వాష్‌బేసిన్ కుళాయి తిప్పి గ్లాసు పట్టబోతుంటే మేట్రన్ గారు పరుగున వెళ్ళి గ్లాసు లాక్కున్నారు.

"నో సర్! బాయిల్డ్! ఓన్లీ బాయిల్డ్!"

ఆయన నవ్వి, మా దేశంలో అందరం కుళాయి నీళ్ళే తాగుతాం అన్నాడు. నేను ఆ మాట తెలుగులో చెప్పాను. ఆవిడ ఆయన్ని కింది నుంచి పై దాకా చూశారు.

"ఇంత నమ్మకం పెట్టుకుని ఈయన ఇన్నాళ్ళూ ఎలా బతికాడు బాబూ?"

మూడో రోజుకి ఒక చిత్రం జరిగింది. చైనా ఆయన ఫ్లాస్కు పట్టుకుని నేరుగా వంటగదిలోకి వచ్చాడు. పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నాయి, ఆవిడ గడియారం చూస్తున్నారు. ఆయన గిన్నెలోకి తొంగి చూశాడు. ఆవిడ ఆయన ఫ్లాస్కులోకి తొంగి చూశారు. పది నిమిషాలూ అలాగే పక్కపక్కన నిలబడ్డారు. నీళ్ళు దించాక ఆయన తన గడియారం చూపించి, బొటనవేలు ఎత్తాడు. "లెక్క పెట్టాడు బాబూ, నేను పది నిమిషాలు మరిగించానో లేదో లెక్క పెట్టాడు" అన్నారు ఆవిడ. ఈసారి గొంతులో కోపం లేదు. ఉద్యోగంలో తోటి మనిషి దొరికినట్టు ఉంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం జి.ఎం. గారు గెస్ట్‌హౌస్‌లో అతిథులకి విందు పెట్టారు. మేట్రన్ గారు గుడి నుంచి, అంటే వాళ్ళ చర్చి నుంచి, వచ్చి గబగబా వంట చేశారు. తీరా చూస్తే ఫ్రిజ్ పై అర పాడైంది. ఐసు కట్టలేదు.

"కాచి చల్లార్చిన నీళ్ళు కుండలో ఉన్నాయండి. చల్లగా ఉన్నాయి. చాలవా?" అన్నారు ఆవిడ.

"కుండనీళ్ళు పోసి పంపిస్తే పరువేం కావాలండి? ఆడిట్‌కి వచ్చిన మనిషి" అని జి.ఎం. గారు నా వైపు తిరిగారు. "డ్రైవర్‌కి ఫోన్ చేసి ఐసు తెమ్మను."

ఫోన్ చేసింది నేనే. డ్రైవర్ పావుగంటలో వచ్చాడు. తెచ్చింది ప్లాంటులో తయారయ్యే శుభ్రమైన ఐసు కాదు. చెరువుల దగ్గర రొయ్యలు పట్టాక పెట్టెల్లో పరిచే దిమ్మ ఐసు. వరండాలో సుత్తితో పగలగొడుతుంటే చూశాను. మేట్రన్ గారు కూడా చూశారు. "అది నా బల్ల మీదికి రాదు" అన్నారు. జి.ఎం. గారు తనే బకెట్టు తీసుకుని వెళ్ళి బల్ల మీద పెట్టారు. ఆవిడ నా మొహంలోకి చూశారు. నేను ప్లేట్లు సర్దుతున్నట్టు తల వంచుకున్నాను.

ఆ విందులో తాగడం కూడా రెండు రకాలుగా సాగింది. చైనా ఆయన తన దేశం నుంచి తెచ్చిన తెల్లటి మందు, బొటనవేలంత గ్లాసుల్లో, ఐసు గీసు లేకుండా పోశాడు. ఆయన ఒక్కడే ఒక్క గుక్క కూడా తాగడు. తాగాలనిపించినప్పుడల్లా ఎవరో ఒకరి వైపు గ్లాసు ఎత్తుతాడు. అవతలి మనిషి కూడా ఎత్తాలి, ఇద్దరూ ఒకేసారి ఖాళీ చెయ్యాలి. గ్లాసులు తగిలించేటప్పుడు తనది ఎదుటివాళ్ళ గ్లాసు కంటే కిందికి ఉండేలా చూసుకుంటాడు, మర్యాదకి. జి.ఎం. గారు మర్యాదలో తగ్గకూడదని తనది ఇంకా కిందికి దించేవారు. ఇద్దరి చేతులూ బల్లకి ఆనేవి. హాలండ్ ఆయన మొదట ఒక్కసారి "చీర్స్" అని, తర్వాత ఎవరినీ పట్టించుకోలేదు. తన విస్కీ తనే పోసుకుని, నిండా ఐసు వేసుకుని, కబుర్లు చెబుతూ గంటన్నరసేపు చప్పరిస్తూ కూర్చున్నాడు. ఇద్దరిలో ఎవరు ఎంత తాగారో నాకు తెలీదు గానీ, ఒకాయనకి తాగడానికి తోడు కావాలి, ఇంకొకాయనకి మాట్లాడుకోవడానికి మందు కావాలి.

మేట్రన్ గారు తలుపు చాటు నుంచి, "జి.ఎం. గారికి తాగించి రేటు తగ్గించుకుంటాడు, చూడు" అని గొణిగారు. రేటు మాట ఎవరూ ఎత్తలేదు.

సోమవారం పొద్దున హాలండ్ ఆయన మంచం దిగలేకపోయాడు. వాంతులు, విరేచనాలు. డాక్టరు వచ్చి సెలైన్ పెట్టాడు. జి.ఎం. గారు హాల్లోకి వచ్చి అందరి ముందూ మేట్రన్ గారి మీద విరుచుకుపడ్డారు.

"ఏంటండీ ఇది? మీ వంట మీద నమ్మకంతోనే కదా ఇంతమందిని ఇక్కడ ఉంచుతున్నాం!"

"నా వంట అందరూ తిన్నారండి. మీరూ తిన్నారు, ఈ చైనా ఆయనా తిన్నాడు. ఆ హాలండ్ ఆయనొక్కడే తీసుకున్నది ఒక్కటే ఉంది."

"ఏంటది?"

ఆవిడ నా వైపు చూపించారు. "ఈ అబ్బాయికి తెలుసు. చెప్తాడు."

అందరూ నా వైపు తిరిగారు. నాకు పెళ్ళయి ఆరు నెలలు. ఐసు తెప్పించమన్నది జి.ఎం. గారే అయినా ఫోన్ చేసింది నేను. ల్యాబులో పని చేస్తూ, అది ఎలాంటి ఐసో తెలిసి, ఊరుకున్నది కూడా నేనే.

"సరిగ్గా తెలీదండి. చూడాలి" అన్నాను.

"ఐసు మన ప్లాంటుదే" అన్నారు జి.ఎం. గారు. "ఆడిట్ అయ్యేదాకా మీరు వంటగదిలోకి రాకండి. భోజనం హోటల్ నుంచి తెప్పిస్తాం. తర్వాత సంగతి తర్వాత."

ఆయన వెళ్ళిపోయారు. మేట్రన్ గారు గోడకి ఆనుకుని నిలబడిపోయారు. చైనా ఆయన అంతా చూస్తున్నాడు. భాష రాకపోయినా ఏదో అర్థమైనట్టుంది. లేచి, ఒక కప్పు తీసుకుని, ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు పోసి, తిప్పి కడిగి, పారబోసి, మళ్ళీ పోసి ఆవిడకి రెండు చేతులతో ఇచ్చాడు. ఆవిడ వెలుతురుకి ఎత్తి చూడకుండా తాగేశారు. ఆవిడ ఇంకొకరి చేతి నీళ్ళు తాగడం నేను చూసింది అదొక్కసారే.

మధ్యాహ్నం ఆటోలో ప్లాంటుకి వచ్చి, సెక్యూరిటీ గది దగ్గరికి నన్ను పిలిపించారు. హ్యాండ్‌బ్యాగులోంచి రెండు చిన్న సీసాలు తీశారు. ప్లాస్టర్ ముక్కల మీద ఒకటి, రెండు అని అంకెలు మాత్రం వేసి ఉన్నాయి.

"వీటిలో పురుగు ఉందో లేదో చూసి చెప్పు."

"ఏది ఏంటండి?"

"నీకెందుకు? చూసి చెప్పు."

ఒకటి ఐసు కరిగిన నీళ్ళని అర్థమైంది. రెండోది ఏంటో తెలీలేదు. రెండూ తేటగా, ఒకేలా ఉన్నాయి.

ఒక్కో సీసా నీళ్ళు ఒక్కో గాజు ప్లేటులో పోసి, పురుగు ఉంటే పెరిగి చుక్కల్లా కనబడేలా ల్యాబులో పరీక్షకి పెట్టాను. పారబోసి, సీసాలు పగిలిపోయాయని చెప్పొచ్చు. ఆ ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది, రెండు మూడు సార్లు వచ్చింది.

బుధవారం పొద్దున ప్లేట్లు తీసి చూశాను. ఒకటో సీసా ప్లేటులో ఏమీ లేదు. రెండో సీసా ప్లేటు నిండా ఎర్రటి చుక్కలు, లెక్కపెట్టడానికి వీల్లేనన్ని. ఆవిడకి ఫోన్ చేశాను. వచ్చారు. లోపలికి రావడానికి తెల్ల కోటు, టోపీ ఇస్తే, కోటు వాసన చూసి, ఉతికి ఎన్నాళ్ళైందని సెక్యూరిటీ అతన్ని అడిగి, అప్పుడు వేసుకున్నారు.

"ఒకటో దాంట్లో ఏమీ లేదండి. రెండో దాంట్లో చాలా ఉంది" అని రెండు ప్లేట్లూ ముందు పెట్టాను.

ఆవిడ వాటి మీదికి వంగి చాలాసేపు చూశారు. తర్వాత స్టూలు మీద కూర్చుండిపోయారు.

"రెండోది ఐసు బాబూ."

"ఒకటోది?"

"నా కుండలో నీళ్ళు."

"మీ నీళ్ళ మీద మీకు అనుమానమేంటండీ?"

"ముందు వాటి మీదే. ఎండలకి కళ్ళు సరిగా ఆనట్లేదు. గడియారం తప్పు చూశానేమో, పది నిమిషాలు అయ్యాయో లేదో అని..." కొంగుతో మొహం తుడుచుకున్నారు. "ఈ రెండు రోజులూ దేవుణ్ణి ఇంకేమీ అడగలేదు."

కాసేపటికి హ్యాండ్‌బ్యాగు తెరిచి, మడత పెట్టిన కాగితం తీసి నా ప్లేట్ల పక్కన పరిచారు. భీమవరంలో ఒక ప్రైవేటు ల్యాబు ఆ పొద్దున్నే ఇచ్చిన రిపోర్టు. ఒకటో సీసా, రెండో సీసా. అదే ఫలితం. అక్కడ కూడా అవే నీళ్ళు ఇచ్చారన్నమాట.

"ఇది ఉన్నప్పుడు నా దగ్గరికి ఎందుకొచ్చారండి?"

"ఇది నా నీళ్ళ సంగతి చెబుతుంది. నీ సంగతి చెప్పదు కదా."

నేను ప్లేట్లకి మూతలు పెట్టాను. ఆవిడే అన్నారు. "నువ్వు ఇంకోలా చెప్పి ఉంటే ఈ కాగితం తీసుకుని నేనే ఆ దొర దగ్గరికి వెళ్ళేదాన్ని. ఇప్పుడు నువ్వెళ్తావా?"

వెళ్ళాను. రిపోర్టు రాసి, సంతకం చేసి, సాయంత్రం గెస్ట్‌హౌస్‌కి వెళ్ళాను. హాలండ్ ఆయన దిండ్లకి ఆనుకుని కూర్చున్నాడు, మొహం పీక్కుపోయి ఉంది. పక్క కుర్చీలో జి.ఎం. గారు. నేను కాగితం హాలండ్ ఆయన చేతికిచ్చాను. ఆయన చదివి, ఈ ఐసు ఎవరు తెప్పించారని అడిగాడు.

"ఫోన్ చేసింది నేనేనండి. అది ఎలాంటి ఐసో తెలిసే ఊరుకున్నాను. వంటగది తప్పేమీ లేదు."

జి.ఎం. గారు కిటికీ వైపు తిరిగారు. "తెప్పించమన్నది నేను" అన్నారు. ఆ మాట ఆయన నోట వస్తుందని నేను అనుకోలేదు. గుమ్మంలో నిలబడి వింటున్న మేట్రన్ గారు కూడా అనుకోలేదని ఆవిడ మొహం చూస్తే తెలిసింది. ఆవిడ లోపలికి వచ్చి, "ఇంక చాలండి, ఆయన్ని పడుకోనివ్వండి" అని కర్టెన్ లాగారు.

ఆడిట్ రిపోర్టులో ఐసు గురించి ఒక పేజీ పడింది. చెరువుల దగ్గరికి కూడా ప్లాంటు ఐసే పంపాలని షరతు పెట్టారు. కంపెనీ మూడు నెలల్లో ఆ ఏర్పాటు చేసుకుంది, ఆర్డరు పోలేదు. జి.ఎం. గారు నాతో చాలా రోజులు ముభావంగా ఉన్నారు, తర్వాత మామూలయ్యారు. మేట్రన్ గారు మర్నాడే వంటగదిలోకి వెళ్ళి, హోటల్ వాళ్ళు ముట్టుకున్న గిన్నెలన్నీ మరిగించారు.

ఆ తర్వాత ఆవిడ నన్ను నమ్మారా అంటే ఏమో, చెప్పలేను. మూడేళ్ళ తర్వాత మోకాళ్ళ నొప్పులతో పని మానేసి నర్సాపురంలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయేరోజున నన్ను ప్రత్యేకంగా పిలిపించారు. వంటగది తలుపు వేసి, తాళం నన్నే వెయ్యమన్నారు. "కొత్త మనిషి వచ్చేదాకా ఇది నీ దగ్గరే ఉండాలి. ఇంకెవరికీ ఇవ్వకు. జి.ఎం. గారికి కూడా" అని తాళంచెవి నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళు తనే మూశారు. ఆటో దాకా నడిచారు. సంచి సీట్లో పెట్టారు. మళ్ళీ వెనక్కి తిరిగి, మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కి వచ్చి, నా ఎదురుగానే, తాళం పడిందో లేదో రెండుసార్లు లాగి చూసుకుని వెళ్ళారు.